గొలుసు అణువుల శాస్త్రజ్ఞుడు – పాల్ ఫ్లోరీ

మానవ శరీరం కోటానుకోట్ల కణాల సముదాయం. కేంద్రకం గల ప్రతి కణంలోను దాదాపు రెండు మీటర్ల పొడవైన డి.ఎన్.ఏ. పోగు ఇమిడి ఉంటుంది. అది 46 క్రోమోజోములుగా విభజితమై ఉంటుంది. ఆ పోగుకు నిలయమైన కేంద్రకం వ్యాసం మిల్లీమీటరులో సుమారు నూరవ వంతు మాత్రమే. కండె నూలును విప్పి గుప్పిట్లో కుక్కితే అది చిక్కుపడక మానదు. కణం మాత్రం తన పోగును చిక్కుపడనీయదు. అవసరమైన చోట విప్పుతుంది, అందులోని సమాచారాన్ని గ్రహిస్తుంది, విభజన వేళ మొత్తం పోగుకు నకలు తీసి రెండు పిల్లకణాలకు సమంగా పంచుతుంది. ఈ మడతల మర్మాన్ని ఛేదింపబూనిన శాస్త్రజ్ఞులు మొదట ఆశ్రయించిన సూత్రాలు జీవశాస్త్రంలోనివి కావు. రబ్బరును, నైలానును, జిగురు ద్రావణాలను పరిశీలిస్తూ జీవితాన్ని గడిపిన ఒక రసాయన శాస్త్రజ్ఞుడు వాటికి రూపకల్పన చేశాడు. ఆయనే పాల్ జాన్ ఫ్లోరీ.

ఫ్లోరీ 1910 జూన్ 19వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, స్టెర్లింగ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి ఎజ్రా ఫ్లోరీ మతబోధకుడు, విద్యావేత్త. తల్లి మార్తా పెళ్ళికి పూర్వం ఉపాధ్యాయినిగా పనిచేసింది. ఆ వంశంలో అంతకు ముందు తరాలవారందరూ వ్యవసాయదారులే. కళాశాల చదువు తల్లిదండ్రుల తరంతోనే ఆ ఇంట అడుగుపెట్టింది. ఇల్లినాయ్‌లోని ఎల్గిన్ ఉన్నత పాఠశాలలో చదువు ముగించుకొని, ఫ్లోరీ ఇండియానా రాష్ట్రంలోని మాంచెస్టర్ కళాశాలలో చేరాడు. అది పెద్ద పేరున్న విద్యాసంస్థ కాదు. కాని అక్కడ రసాయనశాస్త్రం బోధించిన కార్ల్ హోల్ అనే ఆచార్యుడు ఈ విద్యార్థిలోని జిజ్ఞాసను గుర్తించాడు. 1931లో పట్టం పుచ్చుకొన్న ఫ్లోరీని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పైచదువులకు ప్రోత్సహించినవాడు ఆయనే. అవి అమెరికాను ఆర్థికమాంద్యం కుదిపివేస్తున్న రోజులు. చదువుకొన్నవారికి సైతం కొలువులు దొరకని కాలం. అటువంటి వేళ ఉద్యోగం కోసం వెదకక మరికొన్నేళ్ళు చదువుకు పూనుకోవడం సాహసమే.

మొదటి సంవత్సరం కర్బన రసాయనశాస్త్రం అభ్యసించిన ఫ్లోరీ, ఆ తరువాత భౌతిక రసాయనశాస్త్రం వైపు మళ్ళాడు. నైట్రిక్ ఆక్సైడుపై కాంతి ప్రభావాన్ని గురించి పరిశోధించి 1934లో డాక్టరేటు పొందాడు. ఆ వాయువు అణువులో ఉండేవి రెండే పరమాణువులు. మరికొన్ని నెలలలో తాను వేలాది పరమాణువులు గల మహాణువుల లోకంలో అడుగిడబోతున్నానని అప్పటికి ఆయనకు తెలియదు.

అదే ఏడు ఆయన డ్యుపాంట్ కంపెనీ పరిశోధనశాలలో చేరాడు. అక్కడ వాలెస్ కెరోథర్స్ అనే మేధావి బృందంలో ఆయనకు స్థానం లభించింది. కృత్రిమ రబ్బరు అయిన నియోప్రీనుకు, పిమ్మట లోకమంతటా వ్యాపించిన నైలానుకు మూలపురుషుడు కెరోథర్స్. ఆ రోజులలో పాలిమర్లు అనే పదార్థాల స్వరూపాన్ని గురించి పండితుల మధ్య తీవ్రమైన వాదోపవాదాలు జరుగుతూ ఉండేవి. రబ్బరు, పట్టు, పిండిపదార్థం వంటివి చిన్న చిన్న అణువులు ఏదో ఆకర్షణ వల్ల గుమిగూడి ఏర్పడినవని అనేకులు నమ్మేవారు. అలా కాదు, అవి సాధారణ రసాయన బంధాలతోనే ఒకదాని వెంట ఒకటి ముడివడిన అతిదీర్ఘమైన గొలుసులని జర్మనీకి చెందిన హెర్మన్ స్టౌడింగర్ 1920లో ప్రతిపాదించాడు. ఆయనను పరిహసించినవారే ఎక్కువ. కెరోథర్స్ వాదంతో సరిపెట్టుకోలేదు. తెలిసిన చిన్న అణువులను తీసుకొని, తెలిసిన చర్యల ద్వారా ఒకదానికొకటి అతికించి, పొడవైన గొలుసులను స్వయంగా తయారు చేసి చూపాడు.

అయితే అలా తయారైన గొలుసులన్నీ ఒకే పొడవు ఉండవు. పాత్రలో పది ఖండాల గొలుసు ఉంటుంది, దాని పక్కనే వెయ్యి ఖండాల గొలుసూ ఉంటుంది. ఇటువంటి కలగాపులగాన్ని గణితం ద్వారా వివరించవచ్చునా? ఈ ప్రశ్నను కెరోథర్స్ యువకుడైన ఫ్లోరీకి అప్పగించాడు. గొలుసు పొడవయ్యేకొద్దీ దాని చివరనున్న రసాయన సమూహం మందకొడిగా మారుతుందని, కాబట్టి ఈ లెక్క అసాధ్యమని ఆనాటి అభిప్రాయం. ఫ్లోరీ దానిని అంగీకరించలేదు. పొడవైన గొలుసు నెమ్మదిగా కదిలే మాట నిజమే. కాని మరొక గొలుసు కొసను కలుసుకొన్నప్పుడు అంతే నెమ్మదిగా దానిని విడిచిపోతుంది. కలయికలు అరుదైనా, కలిసిన ప్రతిసారీ చర్యకు దొరికే వ్యవధి ఎక్కువ. అందువల్ల కొసల చర్యాశీలత గొలుసు పొడవుపై ఆధారపడదని ఆయన వాదించాడు, తరువాత ప్రయోగాలతో నిరూపించాడు. ఈ ఒక్క మెట్టు ఎక్కగానే లెక్క సుగమమయింది. 1936లో ఏ పొడవు గొలుసులు ఎంత పాళ్ళలో ఉంటాయో తెలిపే సూత్రాన్ని ప్రకటించాడు. కొసలలో నూటికి తొంభై కలిసిపోయినప్పుడు గొలుసు సగటు పొడవు 10 ఖండాలు మాత్రమే; తొంభైతొమ్మిది కలిస్తే 100 ఖండాలు. చివరి కొద్దిపాటి చర్యను పూర్తిచేయడంలోనే నేతకు పనికివచ్చే దారం పుడుతుందన్న మాట.

1936లో ఎమిలీ టేబర్‌తో ఫ్లోరీ వివాహం జరిగింది. ఆ దంపతులకు ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు కలిగారు. ఆ మరుసటి ఏప్రిల్‌లో ఒక విషాదం సంభవించింది. ఎంతోకాలంగా మనోవ్యాధితో బాధపడుతున్న కెరోథర్స్ నలభై ఒక్క ఏళ్ళ వయస్సులోనే తన ప్రాణాలను తానే తీసుకొన్నాడు. తాను సృష్టించిన నైలాను లోకానికి పరిచయం కావడాన్ని ఆయన చూడలేదు. అది 1938లో జరిగింది. గురువు లేని ప్రయోగశాలలో ఫ్లోరీ ఎంతోకాలం నిలువలేదు. 1938లో సిన్సినాటి విశ్వవిద్యాలయానికి వెళ్ళి రెండేళ్ళు పనిచేశాడు. ప్రతి ఖండానికి రెండుకు బదులు మూడు చేతులుంటే ఏమవుతుందన్నది అక్కడ ఆయన ఎత్తుకొన్న సమస్య. అప్పుడు గొలుసులు కొమ్మలు వేస్తాయి. ద్రవంగా ఉన్న పదార్థం ఒకానొక క్షణంలో హఠాత్తుగా గడ్డకట్టి, పాత్రంతా ఒకే మహాణువు అల్లుకొన్న వలగా మారుతుంది. ఆ క్షణం ఎప్పుడు వస్తుందో ఫ్లోరీ లెక్కగట్టాడు. మూడు చేతుల ఖండాల విషయంలో సరిగా సగం చేతులు కలిసిన వేళ అది సంభవిస్తుంది.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. 1942 నాటికి మలయా, డచ్ ఈస్టిండీస్ జపాన్ వశమయ్యాయి. అమెరికాకు అందే సహజ రబ్బరులో సింహభాగం ఆ తోటలలోనిదే. టైర్లు లేక సైనిక వాహనాలు కదలవు, విమానాలు దిగవు. కృత్రిమ రబ్బరు ఆ దేశానికి జీవన్మరణ సమస్య అయింది. ఫ్లోరీ 1940 నుంచి 1943 వరకు న్యూజెర్సీలోని స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ప్రయోగశాలలోను, తరువాత ఐదేళ్ళు ఒహాయోలోని గుడ్‌ఇయర్ కంపెనీలోను పనిచేశాడు. రబ్బరు సాగిన తరువాత మరల ఎందుకు ముడుచుకొంటుందో, దానిలోని గొలుసుల మధ్య ఎన్ని ముడులుంటే ఎంత బలమో శోధించాడు. పాలిమర్ ద్రావణాలకు వర్తించే ఒక ముఖ్య సిద్ధాంతం కూడా ఈ కాలంలోనే వెలువడింది. మారిస్ హగ్గిన్స్ అనే మరొక శాస్త్రజ్ఞుడు స్వతంత్రంగా అదే ఫలితాన్ని సాధించడం వలన దానికి ఇద్దరి పేర్లూ నిలిచాయి. కార్ఖానాలో ఉంటూ మౌలిక సిద్ధాంతాలు నిర్మించడం ఏ కాలంలోనూ సులభం కాదు. ఫ్లోరీ విషయంలో మాత్రం కార్ఖానా సమస్యలే సిద్ధాంతాలకు పుట్టినిల్లయ్యాయి.

1948లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి ఆయనకు ఆహ్వానం వచ్చింది. పిలిచినవాడు నోబెల్ బహుమతి గ్రహీత పీటర్ డిబై. ఉపన్యాసాల కోసం వెళ్ళిన ఫ్లోరీ అక్కడే ఆచార్యుడుగా స్థిరపడ్డాడు. ఆ ఉపన్యాసాలే విస్తరించి 1953లో పాలిమర్ రసాయనశాస్త్ర సూత్రాలను వివరించే ఉద్గ్రంథంగా వెలువడ్డాయి. తరువాతి తరాల విద్యార్థులకు అది ప్రామాణిక గ్రంథమయింది. కాని కార్నెల్ సంవత్సరాలను చిరస్మరణీయం చేసినది గొలుసు ఆకృతిని గురించిన ఆయన ఆలోచన. దానిని కొంత నిదానంగా తెలుసుకోవాలి.

ద్రావణంలో తేలే పొడవైన గొలుసు నిటారుగా కర్రవలె ఉండదు. దానిలోని ప్రతి లంకె తనకు తోచిన దిక్కుకు తిరుగుతుంది. దిక్కు తెలియని చీకటిలో, విశాలమైన బయలులో ఒక బాటసారి ఉన్నాడనుకొందాం. అతడు వేసే ప్రతి అడుగూ ఏదో ఒక దిక్కుకు పడుతుంది. ముందుకు వేసిన అడుగును వెనుకకు వేసిన అడుగు చాలావరకు రద్దుచేస్తుంది. నూరు అడుగులు వేసినా బయలుదేరిన చోటినుంచి అతని దూరం సగటున పది అడుగులే. పదివేల అడుగులు వేస్తే నూరు అడుగుల దూరం. అనగా దూరం అడుగుల సంఖ్యకు వర్గమూలం. ఈ పోలికను పాలిమర్లకు అన్వయించినవారు 1934లో వెర్నర్ కూన్, మరికొందరు. అయితే ఇందులో ఒక లోపముంది. బాటసారి తాను ఒకసారి తొక్కిన చోటును మరల తొక్కవచ్చు. గొలుసుకు ఆ స్వేచ్ఛ లేదు. ఒక లంకె ఉన్న చోట మరొక లంకె ఉండలేదు. ఈ ఇబ్బంది కూన్‌కు తెలుసు. దానిని లెక్కలోకి తేవడం ఎలాగన్నదే చిక్కు.

ఫ్లోరీ రెండు శక్తులను ఎదురెదురుగా నిలిపాడు. లంకెలు ఒకదానినొకటి తోసుకోవడం వలన గొలుసు ఉబ్బజూస్తుంది. ఎక్కువగా ఉబ్బితే గొలుసు ధరించగల ఆకృతుల సంఖ్య తగ్గిపోతుంది కాబట్టి, సాగదీసిన రబ్బరువలె అది ముడుచుకోజూస్తుంది. ఈ రెండింటికీ సరితూకం కుదిరిన చోట గొలుసు నిలుస్తుంది. ఆ సరితూకం ప్రకారం దూరం అడుగుల సంఖ్యకు వర్గమూలంగా కాక, 3/5 ఘాతంగా పెరుగుతుంది. పదివేల లంకెల గొలుసు నూరు అడుగులకు బదులు దాదాపు రెండువందల యాభై అడుగుల మేర విస్తరిస్తుంది. 1949లో ప్రకటించిన ఈ ఫలితం కొన్ని పంక్తుల లెక్క మాత్రమే. తరువాతి కాలంలో ఎంతో క్లిష్టమైన గణితంతో, కంప్యూటర్లతో సాధించిన విలువ 0.588. ఫ్లోరీ చెప్పినది 0.6. ఆయన లెక్కలో రెండు పొరపాట్లున్నాయని, అవి ఒకదానినొకటి రద్దు చేసుకోవడం వలన జవాబు ఇంత చక్కగా కుదిరిందని అనంతరకాలపు సిద్ధాంతకర్తలు తేల్చారు. శాస్త్రచరిత్రలో ఇటువంటి అదృష్టాలు లేకపోలేదు. అయితే ఎక్కడ దృష్టి నిలపాలో తెలిసినవారినే అవి వరిస్తాయి.

మరొక విశేషం కూడా ఆయన కనుగొన్నాడు. ద్రావణి గొలుసుకు అంతగా నచ్చనిదైతే లంకెలు ద్రావణిని విడిచి పరస్పరం దగ్గర కాజూస్తాయి. ఒకానొక ఉష్ణోగ్రత వద్ద ఈ ఆకర్షణ, ఆ తోపులాట సరిగా రద్దయిపోతాయి. అప్పుడు గొలుసు బాటసారి నడకనే అచ్చంగా అనుసరిస్తుంది. సైక్లోహెక్సేనులో కరిగిన పాలీస్టైరీనుకు ఆ ఉష్ణోగ్రత సుమారు 34 డిగ్రీల సెల్సియస్. ఆయన దీనిని థీటా ఉష్ణోగ్రత అన్నాడు. ఇతరులు ఫ్లోరీ ఉష్ణోగ్రత అన్నారు. ద్రావణి లేకుండా గొలుసులు మాత్రమే కిక్కిరిసి ఉన్న కరుగులో కూడా ప్రతి గొలుసూ ఇదే విధంగా ప్రవర్తిస్తుందని ఆయన చెప్పినప్పుడు నమ్మినవారు తక్కువ. తిరునాళ్ళ జనసమ్మర్దంలో చిక్కుకొన్న మనిషిని అన్ని వైపులనుంచీ సమంగా తోస్తూ ఉంటే అతడు ఏ వైపుకూ ఒరగడు గదా! కరుగులో గొలుసు స్థితి కూడా అటువంటిదే. 1970వ దశకం మొదట్లో న్యూట్రాన్ కిరణాలతో చేసిన ప్రయోగాలు ఆయన మాట నిజమని రుజువు చేశాయి. అంతవరకు ఆయన రెండు దశాబ్దాలకు పైగా వేచి ఉండవలసి వచ్చింది.

1957లో ఫ్లోరీ పిట్స్‌బర్గ్‌లోని మెలన్ సంస్థకు పరిశోధనల సారథిగా వెళ్ళాడు. మౌలిక పరిశోధనకు అక్కడ ఆశించిన అండ లభించలేదు. 1961లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి స్వీకరించాడు. అక్కడ ఆయన దృష్టి గొలుసులోని ఒక్కొక్క బంధం ఏ కోణాలలో తిరగగలదన్న సూక్ష్మ విషయం మీదికి మళ్ళింది. అదే కాలంలో, 1963లో, మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం ప్రోటీను గొలుసులోని బంధాలకు ఏయే కోణాలు సాధ్యమో పటం రూపంలో వెలువరించింది. ఫ్లోరీ బృందం కూడా ప్రోటీను గొలుసుల బంధకోణాలను, వాటి శక్తివిలువలను లెక్కగట్టి, మడత విడిన గొలుసు విస్తృతిని నిర్ణయించింది. మహాసముద్రాలకు ఆవలా ఈవలా ఉన్న రెండు ప్రయోగశాలలు ఒకే రకమైన అణువుల మలుపులను శోధించాయి. ఈ కృషి సారమంతా 1969లో ఆయన రెండవ ఉద్గ్రంథంగా రూపొందింది.

ఫ్లోరీ వాదనలో పట్టు సడలించే మనిషి కాదు. పాలిమర్ స్ఫటికాలలో గొలుసులు ఎలా మడతపడతాయన్న విషయమై ఇంగ్లండులోని ఆండ్రూ కెల్లర్ వర్గంతో ఆయన ఏళ్ళ తరబడి తలపడ్డాడు. గొలుసు వరుసగా, చీర మడతలవలె, పక్కపక్కనే మడతపడుతుందని కెల్లర్ పక్షం. ఒక చోట వెలుపలికి వచ్చిన గొలుసు మరెక్కడో లోనికి ప్రవేశిస్తుందని, క్రమబద్ధమైన మడత అరుదని ఫ్లోరీ పక్షం. ద్రావణం నుంచి పెరిగిన స్ఫటికాలలో కెల్లర్ మాటకు, కరుగు నుంచి పెరిగినవాటిలో ఫ్లోరీ మాటకు బలం చేకూరిందని చెప్పవచ్చు. ఆ వివాదంలో ఆయన చూపిన తీవ్రత అవసరానికి మించినదనే అనిపిస్తుంది. అయినా ఏ వాదమైనా కొలతకు నిలవాలన్న ఆయన పట్టుదల వలన ఆ రంగానికి మేలే జరిగింది.

1974లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పాల్ ఫ్లోరీ ఒక్కనికే లభించింది. మరుసటి సంవత్సరం ఆయన ఉద్యోగ విరమణ చేశాడు. విశ్రాంతి తీసుకొనే వయస్సులో ఆయన మరొక కార్యానికి నడుం బిగించాడు. ఆ కాలంలో సోవియట్ యూనియన్‌లో ప్రభుత్వాన్ని విమర్శించిన శాస్త్రజ్ఞులు అనేక కష్టాలపాలయ్యేవారు. భౌతిక శాస్త్రజ్ఞుడు యూరీ ఓర్లోవ్, గణితం చదివిన అనతోలీ షరాన్‌స్కీ 1977లో అరెస్టయ్యారు. ఆంద్రే సఖరోవ్‌ను 1980 జనవరిలో గోర్కీ నగరానికి ప్రవాసం పంపారు. నోబెల్ బహుమతి వలన తన మాటకు వచ్చిన విలువను వీరి కోసం వినియోగించాలని ఫ్లోరీ నిశ్చయించుకొన్నాడు. సభలలో మాట్లాడాడు, విజ్ఞప్తులపై సంతకాలు సేకరించాడు, వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో ద్వారా తూర్పు ఐరోపా శ్రోతలకు తన గళం వినిపించాడు. ఇటువంటి ప్రయత్నాలు శాస్త్ర సహకారానికి భంగం కలిగిస్తాయని తోటి శాస్త్రజ్ఞులలో కొందరు భావించేవారు. చెరలో ఉన్న శాస్త్రజ్ఞుణ్ణి మరచి, అతని చెరసాలలు నడిపేవారితో కరచాలనం చేయడం ఆయనకు సమ్మతం కాలేదు.

సఖరోవ్ భార్య ఎలీనా బొన్నర్ తీవ్రమైన అనారోగ్యానికి గురైంది. విదేశాలలో చికిత్సకు ఆమెను సోవియట్ ప్రభుత్వం అనుమతించలేదు. బయటికి వెళితే ఆమె తిరిగిరాదని, ప్రచారం చేస్తుందని ఆ ప్రభుత్వం శంకించింది. అప్పుడు ఫ్లోరీ ఒక ప్రతిపాదన చేశాడు. ఆమె చికిత్స ముగించుకొని వచ్చేవరకు ఆమెకు బదులు తాను సోవియట్ ప్రభుత్వం వద్ద హామీదారుగా, బందీగా ఉంటానన్నాడు. డెబ్బై ఏళ్ళు దాటిన వయస్సులో, గౌరవాలన్నీ పొందిన మనిషి తన దేహాన్నే తాకట్టు పెట్టజూపడం సామాన్య విషయం కాదు. ఆ ప్రభుత్వం దానిని అంగీకరించలేదు.

1985 సెప్టెంబరులో కాలిఫోర్నియా సముద్రతీరాన బిగ్ సర్ వద్ద ఫ్లోరీ గుండెపోటుతో మరణించాడు. అప్పుడు ఆయన వయస్సు 75 ఏళ్ళు. మరి మూడు నెలలకు, ఆ ఏడాది డిసెంబరులో, అనుమతి పొందిన ఎలీనా బొన్నర్ చికిత్స కోసం విదేశాలకు బయలుదేరింది. ఆమె అమెరికాకు వచ్చి గుండెకు శస్త్రచికిత్స చేయించుకొంది. గడువు ముగియగానే గోర్కీకి తిరిగి వెళ్ళింది.

ఫ్లోరీ గొలుసు కణకేంద్రకంలోకి ప్రవేశించినది ఆయన మరణానంతరమే. డి.ఎన్.ఏ. కూడా ఒక పాలిమర్. మానవుని మొదటి క్రోమోజోములో దాదాపు 25 కోట్ల క్షారయుగ్మాలుంటాయి. దానిని సాగదీస్తే ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పొడవు. డి.ఎన్.ఏ. కొంత బిరుసైన పోగు కనుక దాని ఒక్కొక్క అడుగు మిల్లీమీటరులో పదివేలవ వంతు అనుకోవచ్చు. అంటే మొత్తం ఎనిమిదిన్నర లక్షల అడుగులు. దాని వర్గమూలం సుమారు 920. బాటసారి లెక్క ప్రకారం ఆ ఉండ వెడల్పు మిల్లీమీటరులో పదకొండవ వంతు వరకు రావాలి. కేంద్రకం కంటె అది తొమ్మిది పది రెట్లు పెద్దది. పైగా అటువంటివి 46 ఉన్నాయి. కాబట్టి డి.ఎన్.ఏ. కేవలం స్వేచ్ఛగా తిరిగే గొలుసై ఉండడానికి వీలులేదు. హిస్టోనులనే ప్రోటీన్ల చుట్టూ అది కండెకు నూలు చుట్టినట్లు చుట్టుకొని ఉంటుందని 1974లో రోజర్ కార్న్‌బర్గ్ ప్రతిపాదించాడు. ఎనిమిది హిస్టోనుల ఒక్కొక్క కండె చుట్టూ 147 క్షారయుగ్మాల పోగు ఉంటుంది. ఆ కండెల మాల మరల ఎలా మడతపడుతుందన్నది తరువాతి ప్రశ్న.

1988లో గ్రోస్‌బర్గ్, నెచాయెవ్, షాఖ్నోవిచ్ అనే శాస్త్రజ్ఞులు ఒక కొత్త భావన ప్రకటించారు. వారు ఏ దేశంలోని శాస్త్రజ్ఞుల స్వేచ్ఛకై ఫ్లోరీ పోరాడాడో ఆ సోవియట్ దేశానికి చెందినవారు. పొడవైన గొలుసు త్వరత్వరగా ముద్దకట్టినప్పుడు అది ముడులు పడేందుకు వ్యవధి ఉండదని వారన్నారు. చిన్న చిన్న ఉండలు ఏర్పడి, ఆ ఉండలు కలిసి పెద్ద ఉండలై, మొత్తం గొలుసు చిక్కుపడని ముద్దగా నిలుస్తుంది. ఏ భాగాన్నయినా తిరిగి సులభంగా విప్పవచ్చు. ఇది నిజమో కాదో అప్పటి ప్రయోగాలతో తేల్చడం సాధ్యం కాలేదు. 1992లో వాన్ డెన్ ఎంగ్, శాక్స్, ట్రాస్క్ అనేవారు క్రోమోజోముపై రెండేసి బిందువులకు వెలుగు గుర్తులు పెట్టి, వాటి మధ్య దూరాలు కొలిచారు. బిందువులు మరీ దూరంగా లేనంతవరకు ఆ దూరాలు బాటసారి నడకకు చక్కగా సరిపోయాయి.

2009లో అసలైన పరీక్ష వచ్చింది. క్రోమోజోములో ఏ భాగం ఏ భాగాన్ని తాకుతున్నదో కణం మొత్తానికీ ఒకేసారి లెక్కించే పద్ధతిని లీబర్‌మన్-ఐడెన్, డెక్కర్, మిర్నీ, లాండర్ తదితరులు రూపొందించారు. ఫ్లోరీ వర్ణించిన కరుగులోని గొలుసు అయితే, పోగు వెంబడి దూరం రెట్టింపు అయినప్పుడు రెండు భాగాలు తాకే అవకాశం దాదాపు మూడవ వంతుకు పడిపోవాలి. కొలిచి చూస్తే, ఐదు లక్షల నుంచి డెబ్బై లక్షల క్షారయుగ్మాల మేర, అది సగానికి మాత్రమే పడిపోయింది. చిక్కుపడని ముద్ద లెక్క చెప్పినది సరిగా ఇదే. దూరపు భాగాలు ఊహించిన దానికంటె ఎక్కువగా కలుసుకొంటున్నాయన్న మాట.

కథ అక్కడితో ముగియలేదు. ఉంగరం వంటి కొన్ని ప్రోటీన్లు పోగును పట్టుకొని, దారాన్ని వేలితో లాగినట్లు, ఉచ్చులుగా బయటికి లాగుతాయని ఆ తరువాత సిద్ధాంతకర్తలు ప్రతిపాదించారు. 2018లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ప్రయోగశాలలో అటువంటి ఒక ప్రోటీను డి.ఎన్.ఏ.ను ఉచ్చుగా లాగడాన్ని సూక్ష్మదర్శిని కింద ప్రత్యక్షంగా చూశారు. చిక్కుపడని ముద్ద కొంతవరకు, ఉచ్చులు కొంతవరకు క్రోమోజోము ఆకృతిని నిర్ణయిస్తాయని అనేకులు భావిస్తున్నారు. ఏ కణంలో ఏది ఎంత అన్నదానిపై పరిశోధన సాగుతూనే ఉంది. కొత్త కణజాతి నుంచి కొలతలు వచ్చినప్పుడు వాటిని గీతపటంపై బిందువులుగా గుర్తిస్తారు. పోలిక కోసం పక్కనే ఒక వాలురేఖ గీస్తారు. చిక్కులన్నింటినీ పక్కనపెట్టి, రబ్బరు కరుగును దృష్టిలో ఉంచుకొని ఫ్లోరీ ఊహించిన సాదా గొలుసుకు చెందిన రేఖ అది.